చిటికెనవేలు లేచినప్పుడు

మా అమ్మ ఖాశింబీ ఒంగోలు బస్సు దిగి వచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట ఇది.

"ఏందే ఆ దగ్గు? మీ నాన్నను డాక్టరుకు చూపించలా?"

"ఏ దగ్గు?" అన్నాను నేను.

"ఏ దగ్గేందే! వీధి మొగదాకా వినపడతంటే!"

నేను మా అన్నయ్య బాజీ వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. ఇద్దరం కలిసి నాన్న వైపు చూశాం. నాన్న ముందుగదిలో నులకమంచం మీద కూర్చుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వుతున్నాడు. చెల్లెలి కూతురి కాన్పుకని వెళ్ళిన పెళ్ళాం రెండు నెలలకు ఇంటికొచ్చింది కదా, ఆ సంబరం కాబోలు అనుకున్నాను.

"దగ్గూ లేదు, పాడూ లేదు. బస్సు మోత ఇంకా నీ చెవుల్లోనే ఉందమ్మా" అన్నాను.

అమ్మ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. సంచీ కింద పెట్టింది. "ఇద్దరూ ఒక్కమాట మీదుండారే! నేను లేనప్పుడు ఈ ఇంట్లో ఏందో జరిగింది. అల్లా చూస్తన్నాడు, చెప్పండి" అంది.

అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి పీట వేసి అన్నం పెట్టి మరీ పెంచుకున్నాం. నాకు అనుమానం జాస్తి, అది అమ్మ పోలిక. కూరలో ఉప్పు ఎక్కువైతే, వేసింది ఎవరని కాదు, ఎందుకు వేశారని ఆలోచించే రకం నేను. అలాంటిదాన్ని, ఆ రోజు అమ్మ మాటను నిమిషంలో కొట్టిపారేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది చీరాలలో సన్నాయి వాయించే ఇల్లు. నాన్న పేరు కాలేషా. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన సన్నాయి లేకుండా మూడుముళ్ళు పడిన ఇళ్ళు తక్కువ. తాళి కట్టే వేళ ఎవరైనా తుమ్మినా, పసిపిల్ల ఏడ్చినా, ఎవరి నోటివెంటైనా కాని మాట జారినా అది వధూవరుల చెవిన పడకూడదు. అందుకే గట్టిమేళం. నాన్న నోట్లో సన్నాయి ఉంటుంది కాబట్టి మాట్లాడలేడు. ఎడమచేతి చిటికెనవేలుకు సన్నాయి మీద పని లేదు. ఎక్కడ అశుభం వినపడినా ఆయన ఆ వేలు లేపేవాడు, పక్కనున్న డోలు హోరెత్తేది. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు ఆ వేలు తెలుసు.

వయసు మీదపడి ఊపిరి నిలవడం లేదని నాన్న ముహూర్తాలు తగ్గించుకున్నాక, హైదరాబాదు రికార్డింగు థియేటర్లో సింథసైజర్ల మీద శబ్దాలు తయారుచేసే నా ఉద్యోగం మానుకుని వచ్చేశాను. ఆయన సన్నాయి ఆయనతోనే పోకూడదని నా పంతం. నాన్న పక్కన డోలు వాయించే బాజీ కొయ్యపనీ, వైర్ల పనీ చూశాడు. నేను శబ్దం పని చూశాను. దానికి మేళంపెట్టె అని పేరు పెట్టాం.

సింథసైజర్లో మొదట పుట్టేది రంపపు కోతలాంటి మోటు శబ్దం. మంద్రం, తారం అన్నీ అందులోనే కలగాపులగంగా ఉంటాయి. ఫిల్టరుతో అక్కర్లేనిది వడకట్టాలి. మిగిలినదాన్ని ఈక్వలైజరుతో ఒకచోట ఎత్తి, ఒకచోట దించి సరిచేయాలి. చింతపండు పిసికి, పిప్పి తీసేసి, పులుసులో ఉప్పూ కారం చూసుకోవడం లాంటిదే. నాన్న పక్కన కూర్చుని రుచి చెప్పేవాడు.

"ముక్కుతో పలుకుతందమ్మా."

నేను మధ్యభాగం కాస్త కోశాను.

"ఇప్పుడు రేకుడబ్బా అయింది."

పైన తగ్గించి, కింద కొంచెం ఎత్తాను.

"ఆఁ... ఇప్పుడు ఎవడో కొత్తగా నేర్చుకున్నోడు వాయిస్తన్నట్టుంది. పోన్లే, మనిషైతే అయ్యాడు."

నెలల తరబడి ఇలా తిట్లు తిని పెట్టె చేత సన్నాయి పలికించాను. అయితే అసలు కొత్తదనం అది కాదు. పెట్టెకు చెవులు పెట్టాను. చుట్టూ మోగే ప్రతి శబ్దాన్నీ అది వింటుంది. అశుభమైనది లేస్తే, ఆ శబ్దం ఏ స్థాయిలో నిలబడి ఉందో చూసి, సరిగ్గా అక్కడే తన ఫిల్టరు తెరిచి, తన నాదంతో ఆ సందును నింపేస్తుంది. హోరెత్తనక్కర్లేదు, సన్నటి శ్రుతి చాలు. ఏది అశుభమో నేర్పడానికి మొదట ఒక మీట ఇచ్చాను. నాన్న ఒక్కసారైనా సరిగ్గా నొక్కితే ఒట్టు. చిటికెనవేలే లేపేవాడు. చేసేది లేక పెట్టెకు చిన్న కెమెరా బిగించి, ఆ వేలు లేచినప్పుడల్లా మోగుతున్న శబ్దాన్ని గుర్తుపెట్టుకోమన్నాను.

అది ఇట్టే నేర్చుకుంది. ఒకరోజు వంటింట్లో బాజీ చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి గడపదాకా దొర్లుకుంటూ వచ్చింది. కంటికి కనిపించింది గానీ చెవికి వినపడలేదు. ముగ్గురం పగలబడి నవ్వాం. ఆ ముచ్చటలోనే పెట్టెను ముందుగదిలో పొద్దస్తమానం శ్రుతి పలుకుతూ వదిలేశాం. అప్పుడు అమ్మ ఊళ్ళో లేదు.

అమ్మ వచ్చాక ఇంట్లో యుద్ధం మొదలైంది. మిరియాల కషాయం ఒకపక్క, శాపనార్థాలు ఒకపక్క.

"గుండెలు పగిలేట్టు దగ్గుతంటే వినపడటం లేదంటారే! మీరు మనుషులేనా?"

"నాకేం లేదే ఖాశీ. నీకు మొదట్నుంచీ అనుమానం రోగం" అనేవాడు నాన్న తువ్వాలు చాటు నుంచి.

నాకు అమ్మ మీద బెంగ పట్టుకుంది. లేని శబ్దాలు వినపడుతున్నాయంటే ఈ వయసులో మతి ఏమైనా తప్పుతోందా? ఒంగోలులో ఏం జరిగిందని పిన్నికి ఫోన్ చేసి కూపీ లాగాను కూడా. అమ్మేమో నేనూ అన్నయ్యా ఆస్తికోసం ముసలాయన్ని పట్టించుకోకుండా వదిలేశామని ఎదురింటామెతో చెప్పింది. ఆస్తి! నాలుగు సన్నాయిలు, ఒక పాత డోలు!

ఉన్నట్టుండి యుద్ధం ఆగిపోయింది. కషాయం గిన్నె తోమి బోర్లించి ఉంది.

"మీ నాన్నకు తగ్గిపోయిందే. మా అమ్మ చెప్పిన కషాయమంటే మాటలా" అంది అమ్మ మురిసిపోతూ. "చూడు, ఎట్టా నవ్వుకుంటన్నాడో. కిళ్ళీ ఒక్కటి మానితే బాగుండు. తువ్వాళ్ళన్నీ ఎర్రెర్రగా, ఎంత ఉతికినా మరక పోదు."

నేను సంతోషించాలి. సంతోషించలేకపోయాను. మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్క గొడవను కూడా మధ్యలో వదిలిపెట్టిన మనిషి కాదు. పైగా నాన్న చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. తినేది సగం కంచంలోనే వదిలేస్తున్నాడు. రోజంతా తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఎందుకు నాన్నా అని అడిగితే చెయ్యి ఊపేస్తాడు. జబ్బు తగ్గిన మనిషి ఇలా ఉంటాడా అని మొదటిసారి నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది.

అదే వారంలో బాజీ పెరట్లో ఫోన్ మాట్లాడుతుంటే విన్నాను. పెళ్ళిమండపాలూ, పిల్లల హాస్టళ్ళూ నడిపే ఒక పెద్దమనిషి పెట్టెను కొంటానంటున్నాడని నాకు తెలుసు.

"రోజంతా పెట్టినా ఏం కాదండీ. మా ఇంట్లో మోగతానే ఉందిగా. పిల్లల ఏడుపా? అది ముందే నేర్చుకుందండీ" అంటున్నాడు వాడు.

పెళ్ళిలో గట్టిమేళం ఎంతసేపని? రోజంతా దేనికి? హాస్టల్లో ఏ పెళ్ళి జరుగుతుందని? నా అనుమానమంతా వెళ్ళి అన్నయ్య మీద వాలింది. నాకు తెలియకుండా పెట్టెకు వీడేదో నేర్పుతున్నాడు అనుకున్నాను. అమ్మా నాన్నా ఇలా మారిపోవడానికి అదే కారణమని నిశ్చయించుకున్నాను.

వాడు సంతకు వెళ్ళినప్పుడు శ్రుతి ఆపేసి, పెట్టెను కంప్యూటరుకు తగిలించాను. అది నేర్చుకున్న ప్రతి శబ్దమూ తెర మీద ఒక గుట్టలా కనిపిస్తుంది. తుమ్ము, పసిపిల్ల ఏడుపు, పళ్ళెం చప్పుడు, బల్లి, గొడవ పడే గొంతు, ఇవన్నీ నాకు తెలిసినవే. వాటి వెనుక ఇంకొకటి ఉంది. అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే ఎక్కువసార్లు నేర్చుకున్నది. దాన్ని నేను ఎరగను.

మోగించాను. ఏమీ వినపడలేదు.

శబ్దం పెంచాను. తెరమీద గుట్ట ఎగిరెగిరి పడుతోంది. స్పీకరు అట్ట మీద వేలు పెడితే గిలగిలా కొట్టుకుంటోంది. నా చెవుల్లో మాత్రం ఒట్టి నిశ్శబ్దం.

బాజీ సంచీతో లోపలికి రావడమే ఆలస్యం, విరుచుకుపడ్డాను. "ఏం పెట్టావన్నా ఇందులో? ఎవరు పెట్టమన్నారు, ఆ హాస్టళ్ళ పెద్దమనిషా?"

"నేనా? నేను మేకు కొట్టడం తప్ప దాని జోలికి పోయానా?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావేం?"

"నోరు జారొద్దు సైదా! లోపలి కిటుకులు తెలిసింది నీకొక్కదానికే. నన్ను పక్కన పెట్టి నువ్వే బేరం కుదుర్చుకుంటన్నావేమోనని నాకెప్పట్నుంచో అనుమానం. నేనడిగానా నిన్ను?"

వాడూ స్పీకరు దగ్గర చెవి పెట్టాడు. వాడికీ వినపడలేదు. స్పీకరు అట్టను తాకి చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వాడి మొహంలో భయం చూశాక, వీడు కాదని నాకు అర్థమైంది. నాకంటే వాడే ఎక్కువ బెదిరిపోయాడు.

అప్పుడు నాకు తోచింది. శ్రుతి ఆపేశాను కాబట్టి ఇప్పుడు పెట్టె దేన్నీ కప్పడం లేదు. మూసుకున్నవి మా చెవులు. పొద్దస్తమానం ఆ శ్రుతి విని విని, పెట్టె వడకట్టేదాన్ని మా తలకాయలు కూడా వడకట్టడం నేర్చుకున్నాయి. గట్టిమేళం ఆగిపోయినా మా లోపల మోగుతూనే ఉంది.

చెవులు గుర్తుపట్టని వేషం వేస్తే ఆ శబ్దం లోపలికి రావచ్చు. ఈక్వలైజరులో కింది సగం కోసేశాను. మిగిలినదాన్ని అమాంతం పైస్థాయికి జరిపాను. మోగించాను.

పిచ్చుక కిచకిచలాంటిది వినపడింది. రెండు పొట్టివి, ఒక పొడుగాటిది. ఆఖర్న గీరుకుపోతున్నట్టు ఒక జీర. మళ్ళీ రెండు పొట్టివి, ఒక పొడుగు.

"ఈ నడక..." అన్నాడు బాజీ. డోలు మనిషి కదా, శబ్దం మారినా నడక పట్టేస్తాడు. తొడమీద వేళ్ళతో అదే దరువు వేశాడు. "సైదా, ఇది మనిషి దగ్గు."

ఇద్దరం ఒకేసారి ముందుగదిలోకి చూశాం. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. రెండు పొట్టివి, ఒక పొడుగు. మెడనరాలు తేలాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎడమచేతి చిటికెనవేలు నిటారుగా లేచి ఉంది.

నవ్వు అనుకున్నాను నేను దాన్ని. ఇన్నాళ్ళూ నవ్వే అనుకున్నాను.

పరుగెత్తి తువ్వాలు లాగాను. అది కిళ్ళీ మరక కాదు.

"నాన్నా, నువ్వు దగ్గుతున్నావా? ఎన్నాళ్ళనుంచి?"

నాన్న తువ్వాలు తీసుకోబోయాడు. నేనివ్వలేదు. తల దించుకున్నాడు.

"చిన్నప్పటి అలవాటే తల్లీ. మండపంలో సన్నాయోడు దగ్గకూడదు. దగ్గొస్తే పక్కకు తిరిగి వేలు లేపేవాణ్ణి, డోలు కప్పేసేది. నీ పెట్టె ముందు కూడా అట్టాగే లేపా. నాకు తెలవకుండానే."

"తెలిశాక?"

"తెలిశాక..." అంటూ పెట్టె వైపు చూశాడు. "నేను దగ్గుతంటే మీరు తల తిప్పడం మానేశారు. అప్పుడు తెలిసింది. చెపితే నువ్వు పని ఆపేసి నన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పుతావు. నా సన్నాయి సగంలో ఆగిపోద్ది. పైగా మీరెవరూ వినకపోతే, నాకేం జబ్బు లేనట్టే అనిపించేదమ్మా. ఇల్లు కళకళలాడతంది గదా అనుకున్నా. మీ అమ్మ వచ్చినప్పుడు మాత్రం భయమేసింది. రోజంతా పెట్టె ఎదురుగానే కూర్చుని, దగ్గొచ్చినప్పుడల్లా వేలు లేపా."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. అన్నయ్యను అనుమానించాను, అమ్మను అనుమానించాను. ఎదురుగా వేలు లేపుకుని కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా జన్మలో నాన్న మీద అరవనంత గట్టిగా అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. అమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. సంగతి చెబితే నమ్మలేదు. నాన్న వీపుకు చెవి ఆనించి కూర్చుంది. ఆయన దగ్గినప్పుడు అమ్మ ఒళ్ళంతా కదిలింది.

"లోపల ఏందో పొర్లతంది. చెంపకు తెలుస్తందే... చెవికి రావటంలా" అంది. "ముందు విన్నది నేనేగా! విని కూడా వదిలేశానే! నా చెవులు ఎవరు కోసుకుపోయారే!"

ఒంగోలు నుంచి వచ్చిన కొత్తలో ఆమె చెవులు ఆ శ్రుతికి ఇంకా అలవాటుపడలేదు కాబట్టి వినపడింది, అలవాటుపడ్డాక మాలాగే మూసుకుపోయాయి. ఆమెను ఆపడం మా తరం కాలేదు.

డాక్టరుగారు నాన్న ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టకముందే ముఖం చిట్లించారు. "ఈ దగ్గు ఎప్పట్నుంచి?" అని అడిగారు. మేం ముగ్గురం గభాలున నాన్న వైపు తిరిగాం. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశారు.

"ముగ్గురు మనుషులున్న ఇల్లు. ఇంత దగ్గు ఒక్కరికీ వినపడలేదా?"

ఆ చూపులో ఉన్న అనుమానానికి మేము తగినవాళ్ళమే. క్షయ అన్నారు. మందులతో తగ్గుతుంది, కానీ కుడివైపు ఊపిరితిత్తి చాలావరకు పాడైందన్నారు. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే వేరే సంగతి అన్నారు. ఇక సన్నాయి ముట్టుకోకూడదన్నారు. ఆ మాటకు నాన్న ఒళ్ళో చేతివేళ్ళు కనపడని సన్నాయి మీద ఏదో వాయిస్తున్నట్టు కదిలాయి. అమ్మ వాటిని పట్టుకుంది.

కొనడానికి వచ్చిన పెద్దమనిషిని బాజీ గుమ్మంలోనే నిలబెట్టాడు.

"అమ్మం" అన్నాడు.

"ఇంకెవరైనా బేరం పెట్టారా?"

"ఎవరూ పెట్టలా. మీ హాస్టల్లో పిల్లలు ఎందుకేడుస్తన్నారో ముందు కనుక్కోండి సార్."

ఆయన నవ్వుతూ కారెక్కాడు. ఇలాంటి పెట్టె మేము తప్ప ఇంకెవరూ చేయలేరని నమ్మకమేముంది? ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

పెట్టెలో నేర్చుకున్నదంతా చెరిపేశాను. చెవుల్లో నేర్చుకున్నది చెరపడం అంత సులువు కాలేదు. పిచ్చుక కిచకిచగా మార్చిన ఆ దగ్గును రోజుకు కాస్త కిందికి దించుతూ, కోసేసిన భాగాన్ని కొంచెం కొంచెంగా తిరిగి కలుపుతూ, ముగ్గురం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్ళం. అమ్మ బియ్యం ఏరుకుంటూ వినేది. ఒక స్థాయిదాకా వినపడేది. అంతకంటే దించితే మాయమైపోయేది. మళ్ళీ ఒక మెట్టు పైకెక్కి మొదలుపెట్టేవాళ్ళం. ఈలోగా నాన్న నుంచి చూపు తిప్పాలంటే భయం. ఎవరో ఒకరం ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చునేవాళ్ళం. చేత్తోనే వినేవాళ్ళం.

ఒక పొద్దున నేను పొయ్యి దగ్గర నాన్నకు జావ వారుస్తున్నాను. వీపు ముందుగది వైపు ఉంది. ఎక్కడో దూరంగా, మూసిన తలుపు అవతల ఎవరో పిలిచినట్టు ఒక జీర వినపడింది. చేతిలో గరిటె ఆగింది. రెండు పొట్టివి, ఒక పొడుగు.

తిరిగి చూశాను. నాన్న తువ్వాలు అందుకుంటున్నాడు. ఎడమచేతి చిటికెనవేలు, పాపం దానికి ఇంకేమీ తెలియదు, మెల్లగా పైకి లేస్తోంది.

వెళ్ళి ఆ వేలు నా గుప్పిట్లో పట్టుకుని కిందికి దించాను.

"ఇక్కడ ఎవరూ తాళి కట్టడంలేదు నాన్నా. గట్టిగా దగ్గు."

నాన్న నా మొహంలోకి చూశాడు. నాకు వినపడిందని ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత ఇల్లు అదిరేలా దగ్గాడు.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న అమ్మ కేక పెట్టింది.

"ఏందే ఆ దగ్గు? మీ నాన్న పొద్దుటి మాత్ర వేసుకున్నాడా లేదా?"